కూతకు పోకుండానే కబడ్డీ పండితుడు కావడం ఎలా?

కబడ్డీ ఆడాలంటే మోకాళ్ళు కావాలి, దమ్ము కావాలి, తెల్లవారకముందే లేవాలి. కబడ్డీ మీద తీర్పులివ్వాలంటే టీ అంగడి ముందర ఒక బల్ల, ఎదురుగా ఇద్దరు మెతక మనుషులు చాలు. ఈ రెండో విద్యకు తిరుపతిని మించిన ఊరు లేదు. అర్ధరాత్రి కూడా టీ దొరుకుతుంది. రోజూ కొత్త మనుషులు దిగుతుంటారు. మీరు చెప్పింది తప్పని వాళ్ళు తేల్చుకునేలోగా దర్శనం చేసుకుని, లడ్డూలు సంచిలో పెట్టుకుని, బస్సెక్కి పోతారు.

ఈ సలహాలు వరసగా పాటించండి. ఒక్క సీజన్‌లో పండితుడవుతారు. రెండో సీజన్‌కల్లా మీతో వాదించేవాడే ఊళ్ళో మిగలడు. గెలుపంటే అదే కదా.

1. పొరపాటున కూడా ఆడకండి.

ఆడితే జనం చూస్తారు. చూస్తే గుర్తుపెట్టుకుంటారు. ఇందిరా మైదానం పక్కన నడిచిపోతుంటే పిల్లకాయలు "రాన్నా, ఒక కూత పెట్టి పో" అని పిలుస్తారు. ఆ పిలుపుకు కరగకండి. నడిగీత దాటి నాలుగడుగులు వేసేలోగా ఏడో తరగతి పిల్లకాయ ఒకడు చీలమండ పట్టి లాగుతాడు. కూతకు ముప్ఫై సెకన్ల గడువుంటుంది. మీ పాండిత్యం బోర్లా పడడానికి అందులో సగం కూడా అక్కర్లేదు.

దీనికి విరుగుడు మోకాలు. "డిస్ట్రిక్ట్ సెలెక్షన్స్ దాకా పోయినోణ్ణి, మోకాలు దెబ్బతినింది గానీ..." అని వాక్యం సగంలో వదిలేసి కొండవైపు చూడండి. ఏ ఏడాది అని అడిగితే "అప్పట్లో" అనండి. ఏ మోకాలని అడిగితే చేతికి దగ్గరగా ఉన్నది చూపించండి. ఈ మోకాలి వల్ల ఇంట్లో కూడా లాభమే. అత్తగారు అలిపిరి నుంచి నడిచి కొండెక్కాలని మొక్కుకుంటే 3,550 మెట్లూ మీకు తప్పుతాయి. వాళ్ళు మెట్లెక్కుతారు, మీరు బస్సెక్కుతారు. వాళ్ళు పైకొచ్చేలోగా ఫోన్లో పాత మ్యాచ్‌లు రెండు తీరిగ్గా చూసెయ్యొచ్చు. సంచులు ఎవరు మోస్తారని మాత్రం అడగకండి. అడిగితే మోస్తామని ఒప్పుకున్నట్టు.

2. మూడు జట్లు పెట్టుకోండి.

ఒకే జట్టును పట్టుకుని ఏడవడం హైదరాబాదు వాళ్ళ ఖర్మ. మనది సరిహద్దు. ఇక్కణ్ణుంచి చెన్నై నూటయాభై కిలోమీటర్ల లోపే. బెంగళూరు రెండువందల యాభై. ప్రో కబడ్డీలో మన సొంత జట్టు తెలుగు టైటాన్స్ 2025లో సొంతగడ్డగా ఆడిన విశాఖపట్నమేమో ఏడువందలు దాటి ఉంది. పొద్దున రైలెక్కినవాడు మధ్యాహ్నానికి చెన్నైలో దిగుతాడు. తిరుమల ఎక్స్‌ప్రెస్ ఎక్కినవాడు ఒక రాత్రంతా కూర్చుంటే గానీ వైజాగ్ రాదు. అభిమానానికి కూడా రైలు చార్జీ ఉంటుందని ఇంట్లోవాళ్ళకు చెప్పండి.

టైటాన్స్ గెలిచిన రోజు మీరు తెలుగోడు. తమిళ్ తలైవాస్ గెలిచిన రోజు "మా అమ్మమ్మది తిరుత్తణి గదప్పా" అనండి. బెంగళూరు బుల్స్ గెలిస్తే పలమనేరు, మదనపల్లె చుట్టరికాలు బయటికి తీయండి. మూడూ ఓడిన రోజు కబడ్డీ ఊసే ఎత్తకండి, ఐపీఎల్ ఎత్తండి. అక్కడా ఇదే ఏర్పాటు: సన్‌రైజర్స్, చెన్నై, బెంగళూరు.

జెర్సీ మాత్రం కొనకండి. జెర్సీ సాక్ష్యం.

3. రూళ్ళ పేర్లు నేర్చుకోండి. రూళ్ళు నేర్చుకోకండి.

రూలు తెలిసినవాడు గమ్మునుంటాడు. రిఫరీ చేసింది సరైందేనని వాడికి అర్థమైపోతుంది కాబట్టి మాట్లాడేదేమీ ఉండదు. మీకా దుస్థితి వద్దు. బోనస్, లాబీ, ఆలౌట్, సూపర్ టాకిల్, డూ ఆర్ డై అనే అయిదు మాటలు చాలు. వీటిని వరస మార్చి వాడుతుంటే ఏడాదంతా గడిచిపోతుంది.

వరసగా రెండు కూతల్లో పాయింట్ రాకపోతే మూడోది డూ ఆర్ డై, అందులో కూడా ఏమీ తేకపోతే కూతగాడు అవుట్. బల్ల మీద కూర్చున్న ప్రతివాడికీ ఇది తెలుసు. మీరనాల్సింది: "మూడోది కాదబ్బా, అది రెండోదే. మధ్యలో రివ్యూకు పోయినారు గదా, లెక్క మళ్ళీ మొదటికొస్తాది." అట్లాంటి రూలు ఎక్కడా లేదు. ఎవడూ వెతకడు కూడా. వెతికేలోగా అవతల ఇంకో కూత మొదలవుతుంది.

బరిలో ఆరుగురో ఏడుగురో ఉంటేనే బోనస్ గీతకు విలువ. అయిదుగురే ఉన్నప్పుడు "బోనస్ ఎగ్గొట్టినాడు చూడు" అని అరవండి. ముగ్గురో, అంతకంటే తక్కువమందో పట్టేస్తే సూపర్ టాకిల్, అదనంగా ఒక పాయింట్. నలుగురున్నప్పుడు దాన్ని అడగండి. రిఫరీ ఇవ్వడు. ఇవ్వలేదు కాబట్టి అన్యాయం జరిగింది. అన్యాయం జరిగింది కాబట్టి మీరు టీ తాగాలి. టీ తాగారు కాబట్టి పక్కవాడు డబ్బులివ్వాలి.

ఇంత పక్కాగా తప్పు చెప్పాలంటే ముందు ఒప్పు తెలియాలి కదా అని సందేహం రావచ్చు. రానివ్వకండి.

4. హాంగ్జౌ పేరు రోజుకు ఒక్కసారైనా తలుచుకోండి.

ఇది పండితులకు దేవుడిచ్చిన వరం. 2023 అక్టోబర్ 7, చైనాలోని హాంగ్జౌ, ఆసియా క్రీడల పురుషుల ఫైనల్, ఇండియా, ఇరాన్. స్కోరు 28-28. మిగిలింది నిమిషం చిల్లర. మన కూతగాడు పవన్ సెహ్రావత్ డూ ఆర్ డై కూతకు పోయాడు. ఎవరినీ ముట్టుకోకుండానే పక్క లాబీలో కాలు పెట్టాడు. ఆయన్ని పట్టే ఊపులో ఇరాన్ వాళ్ళు కూడా లాబీలోకి వచ్చేశారు.

ఒక రూలు ప్రకారం కూతగాడు అవుట్, కూత అక్కడితో సరి, వెంట వచ్చినవాళ్ళకేమీ కాదు. ఇంకో రూలు ప్రకారం వెంట వచ్చినవాళ్ళు కూడా అవుట్. అధికారులు ఒకసారి ఇటన్నారు, ఒకసారి అటన్నారు. ఆటగాళ్ళు మ్యాట్ మీదే బైఠాయించారు. ఆట చాలాసేపు ఆగిపోయింది. చివరికి ఇండియాకు నాలుగు, ఇరాన్‌కు ఒకటి ఇచ్చారు. మ్యాచ్ 33-29 తో ముగిసింది, బంగారం మనకొచ్చింది.

అంత పెద్ద పోటీలో, అన్ని కెమెరాల ముందు, అంతమంది కోటు వేసుకున్నవాళ్ళు తేల్చలేక తల పట్టుకున్న సంగతిని మీరు కొర్లగుంట టీ అంగట్లో రెండు గుటకల్లో తేల్చెయ్యాలి. పద్ధతి సులభం. రెండు రూళ్ళనూ రెండు జేబుల్లో పెట్టుకోండి. మీ జట్టువాడు లాబీలో పడితే కుడి జేబు రూలు, అవతలివాడు పడితే ఎడమ జేబు రూలు. "ఇది ఏ పుస్తకంలో ఉండాది మామా?" అని ఎవడైనా అడిగితే "ఇంటర్నేషనల్" అనండి. "ఇంటర్నేషనల్‌లోనే వేరేగా ఉండాదే" అంటే "నేను చెప్పేది ప్రో కబడ్డీ" అనండి. రెండూ చదివినవాడు తగిలితే ఫోన్ తీసి "ఆ, వస్తాండా, వస్తాండా" అంటూ లేచిపోండి. ఫోన్ మోగాల్సిన పనిలేదు.

2018లో జకార్తాలో ఇదే ఇరాన్ చేతిలో మన మగజట్టు సెమీస్‌లోనే ఓడిపోయి కంచుతో తిరిగొచ్చింది. 1990లో ఆసియా క్రీడల్లో కబడ్డీ చేరినప్పటి నుంచి బంగారం పోగొట్టుకోవడం అదే మొదలు. ఆ సంగతి ఎవరన్నా ఎత్తితే అప్పుడు మీరు టీవీ చూడలేదని చెప్పండి. చూడనిదానికి మీ బాధ్యత ఉండదు.

హాంగ్జౌలో అదే రోజు మన ఆడపిల్లలు చైనీస్ తైపీని 26-25 తో ఓడించారు. ఆ క్రీడల్లో దేశానికి నూరో పతకం అదే. ఒక్క పాయింటు తేడా, గుండె ఆగిపోయే ఆట. అయితే అందులో గొడవేమీ జరగలేదు. గొడవ జరగని ఆటను పండితుడు పట్టించుకోడు. పొరపాటున మీ ఇంట్లో ఆడపిల్ల దాని గురించి అడిగితే "ముందు హోమ్‌వర్క్ చూసుకో" అనండి.

5. పాతకాలాన్ని అద్దెకు తెచ్చుకోండి.

మట్టిలో ముగ్గుపిండి గీతలు, ఒక్క ఊపిరి మీద చెడుగుడు, గెలిచినవాళ్ళకు అరటిగెల. మీరు అది చూసి ఉండకపోవచ్చు. ఫరవాలేదు, చూసినవాళ్ళు కాదనరు, వాళ్ళకీ సరిగ్గా గుర్తులేదు. మ్యాట్ వచ్చి ఆట చెడిందనండి. 2014లో ప్రో కబడ్డీ వచ్చి ఇంకా చెడిందనండి. దాన్ని రోజూ రాత్రి రెండు మ్యాచ్‌లూ వదలకుండా చూస్తూ అనండి.

ఒంటికి నూనె పూసుకోకూడదని, గోళ్ళు కత్తిరించుకుని రావాలని రూళ్ళున్నాయి. "ఆ రెండు రూళ్ళు పెట్టినాకే ఆట సచ్చింది" అని ఊరి జట్టు కెప్టెన్ చెవిలో వేయండి. మ్యాచ్ నాడు పొద్దునే ఏడుగురికీ ఆముదం పట్టించండి. ఏడుగుర్నీ బయటికి పంపినప్పుడు "రిఫరీకి చరిత్ర తెలీదు" అని చెప్పి ముందుగా మీరే ఇంటికి పోండి. ఆముదం డబ్బా వెంట తీసుకుపోండి. అది మీది.

6. వేలం నాడు సెలవు పెట్టండి.

ఆట రెండో రకం వినోదం. అసలు వినోదం వేలం. ఆటలో ఎవడో చెమటోడ్చాలి. వేలంలో అందరూ కూర్చునే ఉంటారు, కోట్లు మాత్రం కదులుతాయి. మన స్వభావానికి సరిపోయే క్రీడ ఇదే.

హాంగ్జౌ బంగారం శనివారం వచ్చింది. సోమవారం, అక్టోబర్ 9న, ముంబైలో పదో సీజన్ వేలం. తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నారు. అప్పటిదాకా ప్రో కబడ్డీలో అంత ధర ఎవరికీ పలకలేదు. జట్టు మొత్తానికి ఖర్చుపెట్టుకోమని ఇచ్చిన సొమ్ము 5 కోట్లు. అంటే సగం పైన ఒక్కడికే. ఆ సోమవారం సెలవు ఎలా సంపాదించాలో తొమ్మిదో సలహాలో చెప్తాను. ముందు లెక్కలు చూద్దాం, లెక్కల్లోనే మజా ఉంది.

2018లో రాహుల్ చౌదరిని టైటాన్స్ 1.29 కోట్లకు అట్టిపెట్టుకున్నారు. మొదటి సీజన్ నుంచీ మన జట్టుకు ఆడినవాడు. మరుసటి ఏడు ఆయన తలైవాస్‌కు పోయాడు, మనవాళ్ళు "బాహుబలి" అని పేరుపడిన సిద్ధార్థ్ దేశాయ్‌ని 1.45 కోట్లకు తెచ్చారు. 2022లో పవన్‌ను తలైవాస్ 2.26 కోట్లకు కొంటే మొదటి మ్యాచ్‌లోనే మోకాలికి దెబ్బ తగిలి సీజనంతా బయటే ఉన్నాడు. ఆయన లేకుండానే తలైవాస్ సెమీస్ దాకా పోయారు. మరుసటి ఏడు అదే పవన్‌ను మనవాళ్ళు ఇంకా ఎక్కువ పోసి తెచ్చుకున్నారు. ఆడాడు, పాయింట్లూ తెచ్చాడు. జట్టేమో 22 మ్యాచ్‌లలో రెండు గెలిచి అట్టడుగున నిలబడింది. ఆ అట్టడుగు మనకు కొత్త కూడా కాదు, అంతకుముందు రెండు సీజన్లూ అక్కడే కాపురం. 2024లో 1.725 కోట్లకు ఆయన్నే మళ్ళీ అట్టిపెట్టుకున్నారు, ఏడో స్థానం వచ్చింది. 2025లో ఆయన 59.5 లక్షలకు తలైవాస్‌కు పోయాడు. మనవాళ్ళు విజయ్ మలిక్‌ను కెప్టెన్‌గా పెట్టుకుని ప్లేఆఫ్స్‌లో రెండో క్వాలిఫయర్ దాకా వెళ్ళారు.

బుద్ధిమంతుడెవడైనా ఈ అంకెలు చూసి, కబడ్డీ ఏడుగురి ఆట అని, ఒక్కడి కూత మీద డిఫెన్స్ నిలబడదని అనుకుంటాడు. ఆ ఆలోచన తలలోకి వస్తున్నట్టనిపిస్తే వెంటనే లేచి మొహం కడుక్కోండి. ఈ అంకెల్లోంచి మీకు ఏ రోజు ఏది కావాలంటే అది లాగాలి. సోమవారం: "డబ్బులు పోస్తే కప్పు వస్తాదా?" మంగళవారం: "డబ్బులు పోయకపోతే కప్పు యాడొస్తాది?" రెండింటికీ ఉదాహరణ పవనే. ఒకే మనిషి రెండు వాదాలకూ సాక్ష్యం చెప్పడం ఏ కోర్టులోనూ జరగదు, టీ అంగట్లో జరుగుతుంది.

వేలానికి ముందు ఎవరి పేరూ చెప్పకండి. అయ్యాక "నేను చెప్పింది వీణ్ణే గదా" అనండి. ఆడకపోతే "నేను వద్దన్నా, ఇన్లా?" అనండి. క్రికెట్టులో కూడా ఇదే పనిచేస్తుంది. వైజాగ్ పిల్లోడు నితీశ్ కుమార్ రెడ్డిని సన్‌రైజర్స్ 20 లక్షలకు తీసుకున్నారు, 2025 సీజన్‌కు 6 కోట్లిచ్చి అట్టిపెట్టుకున్నారు. 20 లక్షలప్పుడు అతని పేరు మీకు తెలియదు. ఇప్పుడు మాత్రం అండర్-14 నుంచి చూస్తున్నారు. రిషభ్ పంత్‌కు 2024 నవంబర్‌లో జెడ్డాలో 27 కోట్లు పలికాయి. ఆ ఒక్కడి ధరకు పవన్ కొన్న ఏటి లెక్కలో అయిదు కబడ్డీ జట్లు మొత్తంగా వచ్చి ఇంకా రెండు కోట్లు మిగులుతాయి. ఈ మాట అనేటప్పుడు ఆ రెండు కోట్లు మీ జేబులోంచి పోయినంత బాధగా అనండి.

7. వేలం సూత్రం జీతానికి వాడండి.

ఇది పైస్థాయి విద్య, తొందరపడకండి. ప్రో కబడ్డీలో ఫైనల్ బిడ్ మ్యాచ్ అని ఒక కార్డు ఉంటుంది. వేరే జట్టు ఎంత పాడిందో అంత ఇస్తామని పాత జట్టు ఒప్పుకుంటే ఆటగాడు పాతచోటే ఉంటాడు. మీరు పనిచేసే చోట యజమాని దగ్గరికి పోయి, కుర్చీలో కూర్చుని చెప్పండి: "సార్, గాంధీ రోడ్డులో ఇంకో అంగడాయన అయిదువేలు ఎక్కువిస్తానంటాండాడు. మీరు కార్డు వాడతారా?"

ఆయన వాడడు. "పోయిరా నాయనా" అంటాడు. అదరకండి, బెదరకండి. ఇప్పుడు మీరు వేలంలో ఉన్నారు. గాంధీ రోడ్డు ఆయన నిజంగా లేడు కాబట్టి సాయంత్రానికి అన్‌సోల్డ్ అవుతారు. అన్‌సోల్డ్ అయినవాళ్ళను సీజన్ మధ్యలో ఎవరికైనా దెబ్బ తగిలితే పిలుస్తారు. పిలిచేదాకా బల్ల ఉంది. పొద్దున కూడా ఖాళీగానే ఉంటుంది, ఇన్నాళ్ళూ మీరే గమనించలేదు.

8. ఎవరూ చూడని దేశం నుంచి ఉదాహరణ తెచ్చుకోండి.

వాదన మరీ బిగుసుకుంటే ఐర్లండ్ అనండి. అక్కడ గేలిక్ ఫుట్‌బాల్ అని ఒక నాటు ఆట ఉంది. బంతిని చేత్తో పట్టొచ్చు, కాలితో తన్నొచ్చు. 1884లో పుట్టిన జీఏఏ అనే సంఘం నడుపుతుంది. డబ్లిన్‌లోని క్రోక్ పార్కులో ఫైనల్ చూడ్డానికి ఎనభైవేల మంది పైన వస్తారు, ఆడేవాళ్ళకు జీతం మాత్రం లేదు. వేలం లేదు, కొనడం లేదు, ఎవడి ఊరి జట్టుకు వాడు ఆడతాడు. 2025లో కొత్త రూళ్ళు తెచ్చారు. గోలుకు నలభై మీటర్ల దూరంలో ఒక వంపుగీత గీసి, దాని బయటినుంచి తన్ని బారు మీదుగా పంపితే రెండు పాయింట్లన్నారు. అక్కడి ముసలాయనలు కూడా ఆట సచ్చిందనే అంటుంటారని ధైర్యంగా చెప్పండి. ముసలాయనలు ఎక్కడైనా అంతే.

ఇప్పుడు అసలు ఎత్తు. "చూడండప్పా, రూపాయి తీసుకోకుండా ఊరి కోసం ఆడతాండారు, అదీ ఆటంటే" అని కళ్ళు తుడుచుకోండి. అదే ఊపిరిలో "టైటాన్స్ వాళ్ళు ఒక మంచి రైడర్‌కు మూడు కోట్లు పారేసి ఉంటే పోయేదేముంది?" అని బల్ల మీద కొట్టండి. రెండు మాటల మధ్య ఊపిరి తీసుకోకండి. చెడుగుడు నియమం ఇక్కడ ఒక్కచోటే మీకు పనికొస్తుంది.

9. దర్శనం అనే సాకును పొదుపుగా వాడండి.

వేరే ఊళ్ళవాళ్ళు సెలవు కోసం తాతయ్యల్ని చంపుకుంటారు. పాపం, ఒక్కో తాతయ్య ఒక్కసారే పనికొస్తాడు. తిరుపతి వాడికి ఆ కర్మ లేదు. "సార్, బంధువులు దిగినారు, దర్శనానికి పంపించాల" అంటే ఏ ఆఫీసరూ కాదనడు, కాదంటే పాపమని భయం. బంధువులు ఎన్నిసార్లయినా దిగుతారు. ఎప్పుడు తిరిగిపోతారో క్యూ మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి ఒకరోజు సెలవు మూడు రోజులవుతుంది. ఏడో సలహా ప్రకారం ఉద్యోగం ఇదివరకే పోయి ఉంటే ఈ సాకు ఇంట్లో వాడండి.

నిజంగా బంధువులు దిగితే జాగ్రత్త. ఆ రోజు మ్యాచ్ ఉంటే వాళ్ళకు "కొండ మీద రష్ తక్కువుందంట, ఇప్పుడే పోండి" అని చెప్పి రాత్రి ఎనిమిదికి ముందే బస్సెక్కించండి. రష్ గురించి మీకేమీ తెలియదు. వాళ్ళకు మర్నాడు తెలుస్తుంది. తిరిగొచ్చాక మీ ఇంటికి రాకుండా నేరుగా రైలెక్కుతారు, రాత్రి వంట మిగులుతుంది.

10. టీ లెక్క రాసిపెట్టమనండి.

డబ్బు పందేలు కట్టకండి, చట్టం ఒప్పుకోదు, పైగా ఓడితే ఇవ్వాల్సి వస్తుంది. టీ పందెం కట్టండి. గెలిస్తే అప్పటికప్పుడు తాగండి. ఓడితే "బెస్ట్ ఆఫ్ త్రీ" అనండి. మూడూ ఓడితే అది పందెమే కాదు, ఊరికే అన్నమాట. అంగడాయన "అన్నా, పాత లెక్క..." అని మొదలుపెట్టగానే "ఈసారి టైటాన్స్ కప్పు కొట్టినాక మొత్తం ఒకేసారి" అనండి. 2014 నుంచి మనవాళ్ళు ఒక్కసారి కూడా ఫైనల్ ఆడలేదు కాబట్టి ఈ హామీ మీద మీకెలాంటి ఖర్చూ పడదు. ఆయన బల్ల లోపలికి లాగేస్తే ఎదురంగడికి మారండి. ఆటగాళ్ళు మారడం లేదా?

11. తిట్లన్నీ గంగ జాతరకు దాచుకోకండి.

మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకు వేషం కట్టినవాడు ఎవరిని తిట్టినా ఎవరూ తప్పుపట్టరు. ఆ వారం రోజులూ కబడ్డీ సీజన్ ఉండదు, అదే చిక్కు. కాబట్టి మిగతా ఏడాదంతా మీరే తిట్టండి, వేషం లేకుండా. మొహం పగిలితే జాతర మొక్కని చెప్పండి.

12. ఇంత చదువయ్యాక సంక్రాంతి పోటీలకు రిఫరీగా ఒప్పుకోండి.

చంద్రగిరి, పాకాల, పుత్తూరు వైపు పల్లెల్లో పండక్కి కబడ్డీ పెడతారు. మీ పేరు ఈపాటికి తిరుపతిలో అందరికీ తెలుసు కాబట్టి, తెలియని ఊరు చూసుకోండి. పొద్దునే పోయి రెండు జట్ల పెద్దమనుషుల ఇళ్ళలోనూ సంగటి, నాటుకోడి కూర తినండి. ఒకరింట్లో తిన్నట్టు ఇంకొకరికి చెప్పకండి. ఇద్దరికీ "మీ పిల్లకాయల్ని నేను చూసుకుంటా" అని మాటివ్వండి.

మొదటి సగంలో కుడి జేబు లాబీ రూలు వాడండి, రెండో సగంలో ఎడమ జేబుది. నలుగురున్నప్పుడు బోనస్ ఇవ్వండి, ఆరుగురున్నప్పుడు ఎగ్గొట్టండి. స్కోరు బలపంతో కాకుండా నోటితో చెప్పండి. ఎవడైనా అడ్డంపడితే "హాంగ్జౌలో కూడా ఇట్లే అయింది, ఆటగాళ్ళు కింద కూర్చున్యారు, మీరూ కూర్చోండి" అనండి. ఇక్కడ కూర్చోరు. ఏళ్ళ తరబడి కాలువ నీళ్ళ దగ్గర కొట్టుకునే రెండు ఊళ్ళూ ఆ క్షణంలో ఒక్కటై, ఒకే వైపుకు నడుస్తాయి. పంచాయతీ పెద్దలు చేయలేని సయోధ్య మీరు ఒక్క విజిల్‌తో చేశారు.

బండిని రోడ్డువైపు మొహం పెట్టి, తాళం దానికే ఉంచి, చెరుకుతోట అవతల నిలబెట్టుకోండి. పెట్రోలు ముందే చూసుకోండి. విజిల్ పారేయకండి, పక్క ఊళ్ళో కనుమ నాడు ఇంకో పోటీ ఉంది. ఫీజు మాత్రం ఆట మొదలుకాకముందే తీసుకుని లోపలి జేబులో వేసుకోండి. ఆట అయ్యాక ఇచ్చే ఆచారం ఆ ఊళ్ళలో ఉన్నా మీ విషయంలో పాటించరు.